గోడ ఆరేదాకా

మే నెల మూడో వారమంటే ఢిల్లీలో ఎండలు నిప్పులు చెరిగే కాలం. రోహిణి కార్తె ముంగిట్లో ఉంటుంది. ఎడారి మీదుగా 'లూ' అనే వడగాలి వీస్తుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. 2021లో మాత్రం మే 19న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 23.8 డిగ్రీలు దాటలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు కొలిస్తే, అంతకుముందు 24 గంటల్లో 119.3 మిల్లీమీటర్ల వాన పడినట్టు తేలింది. మే నెలలో ఒక్క రోజులో అంత వాన ఢిల్లీలో ఎన్నడూ నమోదు కాలేదు. పాత రికార్డు 1976 మే 24న పడిన 60 మిల్లీమీటర్లు. రికార్డులు మామూలుగా కాస్త కాస్త తేడాతో చెరిగిపోతుంటాయి. ఈసారి పాత అంకెకు దాదాపు రెట్టింపు పడింది.

ఆ నీళ్లు అరేబియా సముద్రానివి. మే 17 రాత్రి టౌక్టే తుపాను గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరాన్ని దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 160 నుంచి 170 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఢిల్లీ దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తుపాను బతికేది వెచ్చటి సముద్రం నుంచి లేచే ఆవిరి మీద. ఆవిరి మేఘంగా మారేటప్పుడు విడుదలయ్యే వేడే దాన్ని తిప్పుతుంది. నేల మీదికి రాగానే ఆ సరఫరా తెగిపోతుంది, కొండలూ చెట్లూ ఇళ్లూ గాలికి అడ్డుపడతాయి, రెండు రోజుల్లో తుపాను కాస్తా అల్పపీడనం అయిపోతుంది. గాలి చచ్చిపోతుంది కానీ, అది మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు. అదే సమయంలో పడమటి నుంచి వచ్చిన వాతావరణ అలజడి ఒకటి ఉత్తర భారతం మీద ఉంది. రెండూ కలిశాయి. తేమగాలి పైకి లేచి చల్లబడి, రాజస్థాన్ నుంచి ఢిల్లీ దాకా ధారగా కురిసింది.

కాబట్టి సముద్రమే ఎరగని ఢిల్లీలోని మునిర్కాకు కూడా ఒక తుపాను వచ్చి వెళ్లింది. కప్పులు ఎగరలేదు, స్తంభాలు వరసగా కూలలేదు. నీళ్లు గోడల్లోకి దిగాయి. తుపాను తర్వాత ఇల్లు మళ్లీ ఇల్లు కావడం గురించి చెప్పాలంటే నాకు ఈ చిన్న తుపానే మంచి ఉదాహరణ అనిపిస్తుంది. పెద్ద తుపానులో కళ్లన్నీ కూలిన వాటి మీదే ఉంటాయి, నిలబడిన గోడ లోపల ఏం జరుగుతోందో ఎవరూ చూడరు.

పెద్ద తుపాను సంగతి ముందు చూద్దాం. విశాఖవాసులకు 2014 అక్టోబరు 12 ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఆ మధ్యాహ్నం హుద్‌హుద్ నేరుగా నగరం మీదే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. విమానాశ్రయం దెబ్బతింది, వాతావరణ శాఖ రాడారే పని చేయకుండా పోయింది. కైలాసగిరి నుంచి కంబాలకొండ దాకా పచ్చదనమంతా ఒక్క పూటలో మోడై, మాడిపోయినట్టు కనిపించింది. ఈ తుపాను మిగులు కూడా దూరప్రయాణమే చేసింది. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా నేపాల్ చేరి, అక్టోబరు 14న అన్నపూర్ణ కొండల్లో మంచు తుపానుగా విరుచుకుపడింది. అక్కడ నలభై మందికి పైగా చనిపోయారు. విశాఖ సముద్రం నుంచి లేచిన ఆవిరి హిమాలయాల్లో మంచై కురిసిందన్నమాట.

విశాఖలో గాలి కొన్ని గంటల్లో తగ్గింది. తర్వాతి రోజుల్లో ఇంటింటా వినిపించిన మాట ఒకటే: కరెంటు ఎప్పుడొస్తుంది? అది దీపాల కోసమో ఫ్యాన్ల కోసమో అడిగిన ప్రశ్న కాదు. నగరంలో నీళ్లు కరెంటు మీదే ఎక్కుతాయి. పంపుహౌసులో మోటారు తిరగకపోతే ట్యాంకు నిండదు. అక్కడ నిండినా అపార్టుమెంటు కింద సంపులోకి వచ్చిన నీళ్లను మేడ మీదికి ఎక్కించాలంటే మళ్లీ మోటారే. జనరేటరు ఉంటే డీజిల్ కావాలి, పెట్రోలు బంకులో డీజిల్ పైకి తోడేది కూడా కరెంటు మోటారే. సెల్ టవరు బ్యాటరీ అయిపోతే ఫోను మూగబోతుంది, ఫోను లేకపోతే లైన్‌మెన్ ఎక్కడున్నాడో తెలియదు, ఏటీఎం పనిచేయదు. చేతిలో నోట్లు లేనివాడు పాలప్యాకెట్ కూడా కొనలేడు. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్న ఇబ్బందే. ఒకదానికొకటి వేలాడుతున్నాయి కాబట్టి అన్నీ కలిసి ఇంటిని స్తంభింపజేశాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దించే పనికి పూనుకోవడం వెనుక ఉన్నది ఈ అనుభవమే. పోయిన కరెంటును త్వరగా తేవడం కంటే, పోకుండా చూసుకోవడం నయమని నగరం తేల్చుకుంది.

ఇంట్లో ఈ గొలుసును కాసేపు ఆపగలిగేది ఇన్వర్టరు. మునిర్కాలో చాలా ఇళ్లలో ఉండే 150 ఆంపియర్-అవర్ బ్యాటరీని లెక్కగడదాం. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు. నష్టాలు పోగా 1,200 చేతికొస్తాయనుకుందాం. పాతకాలపు ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, 16 గంటలు తిరుగుతుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు, అదే బ్యాటరీ మీద 40 గంటలు తిరుగుతుంది. తుపాను రోజుల్లో ఈ తేడా విలువ కరెంటు బిల్లులో కనిపించేది కాదు. ఫ్రిజ్‌ను మాత్రం ఇన్వర్టరు మీద పెట్టుకోకపోవడమే మేలు. తలుపు తీయకుండా ఉంచితే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఆ తర్వాత పాలు, వండిన కూర, మాంసం వాసన చూసి కాదు, గడియారం చూసి పారేయాలి. జబ్బు చేసే సూక్ష్మజీవులన్నీ వాసన తెప్పించవు.

కరెంటు తిరిగి వచ్చాక ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని తక్కువ అంచనా వేస్తారు. తడిసిన గోడలో ఉన్న స్విచ్చుబోర్డు ముట్టుకుంటే వేలికి జివ్వుమంటుంది. 'కొద్దిగా షాక్ కొడుతోంది' అని నవ్వేసి, మనవాళ్లు పుల్లతో స్విచ్చి వేయడం మొదలుపెడతారు. ఆ జివ్వుమనడం అంటే తీగ నుంచి గోడలోని తడి ద్వారా కరెంటు బయటికి కారుతోందని అర్థం. మీటరు దగ్గరి ఎంసీబీ దీన్ని పట్టుకోదు. అది 6, 10, 16 ఆంపియర్లు దాటితే పడిపోయేలా తయారైంది. మనిషి గుండెను ఆపడానికి అందులో వందో వంతు కరెంటు చాలు. కారే కరెంటును 30 మిల్లీఆంపియర్ల దగ్గర గుర్తించి సరఫరా కోసేసేది ఆర్‌సీసీబీ. పాత అద్దె ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు. లేని ఇంట్లో గోడ ఆరేదాకా ఆ బోర్డుకు సరఫరా తీసేయించి, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం ఒక్కటే దారి.

ఇక గోడ దగ్గరికి వద్దాం.

ఇటుక గట్టిగా కనిపిస్తుంది కానీ దాని నిండా వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు. మంచి ఇటుక కూడా తన బరువులో పదిశాతానికి పైగా నీళ్లు తాగగలదు. 20 శాతం దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. వత్తి నూనెను లాక్కున్నట్టు ఆ రంధ్రాలు నీటిని లాక్కుంటాయి. పైనుంచి కారినా, కింద నేలలోంచి ఎక్కినా, పక్క నుంచి ఇంకినా ఒకటే. మునిర్కా గదుల కొలత తీసుకుందాం. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గోడ ఒకటి. బయటివైపు రెండంగుళాల మందం తడిసింది, ఆ మందంలో పదో వంతు నీళ్లు చేరాయి. అంతా కలిపితే దాదాపు 45 లీటర్లు. అంటే మూడు బిందెల నీళ్లు గోడలో దాక్కున్నాయి, బయటికి ఒక మచ్చగా మాత్రమే కనిపిస్తాయి.

ఈ నీళ్లు పోవాలంటే ఆవిరిగా మారి గాలిలో కలవాలి. గాలి ఎంత పుచ్చుకోగలదనేది దాని వేడిని బట్టి ఉంటుంది. 24 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి మహా అయితే 22 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు. మే 19న ఢిల్లీ గాలి తన వంతు ఆవిరితో నిండిపోయి ఉంది, గోడ నుంచి తీసుకోవడానికి అందులో చోటే లేదు. ఎండలు తిరిగొచ్చి, 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మామూలు ఢిల్లీ మధ్యాహ్నం వచ్చిందనుకోండి. ఘనమీటరులో ఉన్నది పది గ్రాములు, ఇంకా 41 గ్రాములకు చోటుంది. అదే అక్టోబరు నెల విశాఖలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే 24 గ్రాములు ముందే ఉన్నాయి, మిగిలిన చోటు ఆరు గ్రాములే.

పది అడుగుల గదిలో 28 ఘనమీటర్ల గాలి ఉంటుంది. ఆ లెక్కన ఢిల్లీ గది గాలి ఒక్కసారి పూర్తిగా మారితే లీటరుకు పైగా నీటిని తీసుకుపోగలదు. విశాఖ గది గాలి పావు లీటరు కూడా తీసుకుపోలేదు. 45 లీటర్లు పోవడానికి ఢిల్లీలో గది గాలి 40 సార్లు మారితే చాలు, విశాఖలో 260 సార్లకు పైగా మారాలి. ఇవి అనుకూలమైన లెక్కలు. నిజంగా ఏ గాలీ నిండుగా తడిసి బయటికి పోదు కాబట్టి రెండుచోట్లా దీనికి ఎన్నో రెట్లు పడుతుంది. నిష్పత్తి మాత్రం ఇంచుమించు ఇదే. హుద్‌హుద్ తర్వాత విశాఖ ఇళ్లు చాలాకాలం చెమ్మవాసన వేశాయంటే సముద్రతీరపు గాలి గుణమే కారణం. ఆ గాలిని లోపల కదిలించాల్సిన ఫ్యాన్లకేమో మొదటి రోజుల్లో కరెంటు లేదు.

ఇలా చూస్తే మునిర్కా అదృష్టవంతురాలు కావాలి. ఎడారి పక్కనే ఉంది, ఎంత తడైనా పీల్చేయగల గాలి తలుపు బయటే ఉంది. కానీ అక్కడి గదులు ఆరవు. ఎందుకో ఆ సందుల్లో నడిచినవాళ్లకు తెలుసు.

జేఎన్‌యూకూ అవుటర్ రింగ్ రోడ్డుకూ మధ్య ఉన్న పాత ఊరు మునిర్కా. నగరం చుట్టూ పెరిగి ఊరిని మింగేసినా, పాత ఊరి నివాస ప్రాంతానికి గీసిన 'లాల్ డోరా' హద్దు లోపల కట్టుబడికి పురపాలక నిబంధనలు చాలాకాలం వర్తించలేదు. నాలుగైదు అంతస్తుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని లేచాయి. ఎదురెదురు బాల్కనీల్లో నిలబడితే చేతులు కలుపుకోవచ్చు. తలమీద కరెంటు తీగలు, కేబుల్ తీగలు చిక్కుముడులు. ఈ గదుల్లోనే తెలుగు పిల్లలు, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, కేరళ, బీహారు పిల్లలు అద్దెకుండి సివిల్స్‌కూ పీహెచ్‌డీలకూ చదువుకుంటారు. మెట్ల పక్క గదిని గమనిస్తే నాలుగు గోడల్లో మూడు పక్కవాళ్లతో పంచుకున్నవే. నాలుగో గోడకు తలుపు, దాని పక్కనే చీకటి సందులోకి తెరుచుకునే చిన్న కిటికీ. మంచం తల పెట్టే మూలన గోడ అరచేతికి చల్లగా తగులుతుంది. గోరుతో గీకితే పెయింటు పొరలా ఊడొస్తుంది, దాని వెనక తెల్లటి నూగులాంటి ఉప్పు. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు ఇటుకలోంచీ సిమెంటులోంచీ కరిగించి తెచ్చిన లవణాలను పైపొరలో వదిలేసి పోతాయి. ఆ స్ఫటికాలు పెరుగుతూ పెయింటును నెడతాయి, గారను పెచ్చులుగా రాల్చేస్తాయి.

గోడ ఆరడానికి రెండు దశలున్నాయి. మొదట పైపొర తడిగా ఉన్నంతసేపు లోపలి నీళ్లు రంధ్రాల గుండా పైకి వస్తూనే ఉంటాయి, గాలి తగిలితే చాలు, త్వరత్వరగా పోతాయి. ఒకనాటికి పైపొర ఆరిపోతుంది. ఇక లోపలి నీరు లోపలే ఆవిరై, మెలికలు తిరిగిన రంధ్రాల గుండా బయటికి పాకాలి. ఈ రెండో దశ నత్తనడక. ఇందులో మందం రెట్టింపైతే పట్టే కాలం నాలుగింతలవుతుంది. రెండువైపులా గాలి తగిలే గోడకు నీరు సగం మందమే దాటితే చాలు. ఒకవైపే తెరిచి ఉన్న గోడకు మొత్తం మందం దాటాలి. పక్కింటిని ఆనుకోవడం వల్ల ఎంత నష్టమో ఈ లెక్కలోనే ఉంది. అదే ఇటుక, అదే వాన, అదే ఎండ, ఆరడానికి నాలుగు రెట్ల కాలం. ఢిల్లీలో ఆరబెట్టే గాలికి కొదవ లేదు. ఆ గాలి గోడ దాకా రావడానికి దారి మిగల్చకుండా కట్టుకున్నాం.

గది మూసి ఉంటే మనమే తేమను పోగేస్తాం. ఒక మనిషి ఊపిరితో, చెమటతో గంటకు 40 నుంచి 50 గ్రాముల ఆవిరి వదులుతాడు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే ముప్పావు లీటరు. అన్నం వార్చినా, బట్టలు లోపల ఆరేసినా ఇంకొంచెం. చల్లటి తడిగోడ దగ్గర గాలిలో తేమ 80 శాతం దాటి నిలిచిందంటే బూజుకు అంతకంటే ఏం కావాలి? దాని బీజాలు ప్రతి ఇంటి దుమ్ములోనూ ఎప్పుడూ ఉంటాయి. తడి దొరికిన ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి. గోడలోని ఇటుక వాటికి తిండి కాదు. పెయింటులోని జిగురు, పుస్తకాల అట్ట, కాటన్ పరుపు, బీరువా వెనక ప్లైవుడ్ మాత్రం మంచి తిండి. అందుకే తడిసిన ఇంట్లో ముందు బయటపడేయాల్సింది పరుపులూ అట్టపెట్టెలూ. ఆ తర్వాత బీరువానూ మంచాన్నీ గోడ నుంచి జానెడు దూరం జరపాలి.

2021 మేలో ఈ సంగతి వేరే భయంతో ముడిపడింది. ఢిల్లీ లాక్‌డౌన్‌లో ఉంది, కొవిడ్ రెండో ఉప్పెన ఇంకా పూర్తిగా తగ్గలేదు. సరిగ్గా మే 20న కేంద్ర ఆరోగ్య శాఖ, మ్యూకర్‌మైకోసిస్ కేసులను తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. 'బ్లాక్ ఫంగస్' అనే పేరు ఇంటింటికీ పాకింది. వానకు గోడల మీద నల్ల మచ్చలు లేచిన ఇళ్లలో జనం హడలిపోయారంటే తప్పు పట్టలేం. గోడల మీది ఆ నలుపు చాలావరకు క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ జాతులది. మ్యూకర్‌మైకోసిస్ తెచ్చేవి రైజోపస్ వంటి వేరే శిలీంధ్రాలు. ఇవి మట్టిలో, పేడలో, కుళ్లిన ఆకుల్లో ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఇవి సాధారణంగా ఏమీ చేయలేవు. అదుపు తప్పిన మధుమేహం, దాని మీద విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు ఆ ఏడాది వాటికి దారి తెరిచాయి. అంతమాత్రాన గోడబూజు నిరపాయకరమని కాదు. చెమ్మ ఇళ్లలో ఉబ్బసం, దగ్గు, ముక్కుదిబ్బడ ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. బూజును పొడిచీపురుతో దులపకూడదు, బీజాలన్నీ గదిలోకి లేస్తాయి. మాస్కు కట్టుకుని, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. బ్లీచింగ్ వాడేవాళ్లు దాన్ని మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, కిటికీలేని స్నానాలగదిలో అది ప్రాణం తీయగలదు.

ఆ రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ప్రజలకు ఒక సూచనల పత్రం విడుదల చేసింది. కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి, గదిలోని గాలిని బయటికి పంపండి అని దాని సారాంశం. అది వైరస్ గురించి రాసింది. తడిసిన గోడకూ అక్షరం మార్చకుండా సరిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది. గోడకు తగిలే గాలి కదులుతుంది కాబట్టి కొంత మేలే. కానీ తేమ గదిలోనే ఉండిపోతుంది. అదే టేబుల్ ఫ్యాన్‌ను కిటికీకి ఎదురుగా, బయటికి ఊదేలా పెట్టి తలుపు తెరిస్తే, బయటి పొడిగాలి తలుపు గుండా లోపలికొచ్చి గోడను తాకి పోతుంది. ఎండ బాగా ఉన్న పన్నెండు నుంచి సాయంత్రం నాలుగు వరకు ఇలా చేయాలి. మిగతా కాలమంతా శత్రువులా చూసే లూ, ఈ ఒక్క పనికి మాత్రం మన పక్షాన నిలుస్తుంది. మూడు గోడలు పంచుకున్న ఇంట్లో ఒక్క గదివాళ్లు చేస్తే సరిపోదు, గోడకు అవతలివైపున్న గదివాళ్లూ తెరవాలి. లాక్‌డౌన్‌కు తాళం వేసి ఊరెళ్లిపోయినవాళ్ల గది పక్కనుంటే తెరిచేవాళ్లే లేరు. అలాంటప్పుడు ఇంటి యజమానిని అడిగి తాళం తీయించడం తగువు పెట్టుకోవడం కాదు, ఇరువురి గోడనూ కాపాడుకోవడం.

ఇంటి పైకప్పు మీద కూడా ఒక పని ఉంది. వాన వెలిసిన వారం పది రోజుల్లో కూలర్ ట్రేలో, పగిలిన బక్కెట్లో, ట్యాంకు మూత మీది గుంటలో నిలిచిన నీళ్లలోంచి డెంగీని మోసే ఏడిస్ దోమలు రెక్కలతో బయటికొస్తాయి. వారానికోసారి ఒంపేస్తే వాటి జీవితచక్రం తెగుతుంది. ఒంపడంతో పాటు అంచును గట్టిగా రుద్దాలి. ఏడిస్ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి.

చివరి తొందర పెయింటు దగ్గర జరుగుతుంది. పాత అద్దెదారు ఖాళీ చేసి కొత్తవాళ్లు వచ్చేలోపు యజమానులు పుట్టీ పట్టించి, ప్లాస్టిక్ పెయింటు రెండు కోటింగులు వేయించేస్తారు. గది మెరుస్తుంది. తడి లోపల బందీ అవుతుంది. బయటికి రావాల్సిన ఆవిరికి ఆ పొర మూతలా అడ్డుపడుతుంది, ఒక రుతువు తిరగకముందే బుడగలు లేస్తాయి. సున్నం ఆవిరిని ఆపదు కాబట్టి చెమ్మ గోడకు అదే మేలు. పాతకాలపు మట్టిమిద్దెలకు, గచ్చు ఇళ్లకు ఏటా సున్నం కొట్టడంలో ఈ ఉపకారం కూడా ఉండేది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. చదరపు అడుగు పాలిథీన్ ముక్కను అనుమానం ఉన్నచోట నాలుగు అంచులా టేపుతో బిగించి, రెండు రోజులు వదిలేయాలి. లోపలివైపు నీటిచుక్కలు కనిపిస్తే, లేదా కింది గోడ రంగు ముదిరితే, తడి ఇంకా లోపలి నుంచి వస్తోందని అర్థం. రెండు వారాలాగి మళ్లీ అంటించి చూడాలి. మునిర్కాలో కొత్తగా గది చూసుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు మంచం తల పెట్టబోయే గోడకు ఈ పరీక్ష చేసుకుంటామని యజమానిని అడగొచ్చు.